ఒక్క మూత చాలన్న మనిషి

పోయిన మంగళవారం ఒక సీరియల్‌కి ఏడుపు సీను డబ్బింగ్ చెప్పి బయటికొచ్చేసరికి ఫోన్లో మూడు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. తెలియని నంబరు. తిరిగి చేస్తే ఎవరో ఆడమనిషి ఎత్తింది.

"మేడమ్, నేను ఫినాయిలక్క చెల్లెను. అక్క మొన్న పొద్దుగాల పోయింది. మట్టి గూడ అయిపోయింది. నీకు చెప్పకుంటె మంచిగుండదనిపించింది."

"అయ్యో" అనడం నా వృత్తిలో భాగం. ఏ పాత్రకు ఎలా అనాలో అలా అనగలను. ఆ మధ్యాహ్నం స్టూడియో మెట్ల మీద నిలబడి ఒక్క రకంగా కూడా అనలేకపోయాను.

ఫినాయిలక్క ఆమె పేరు కాదు. ఫిలింనగర్‌లో ఆమె ఎక్కిదిగిన గేట్ల దగ్గర ఎవరూ ఆమె పేరు అడగలేదు కాబట్టి అదే పేరైంది. అసలు పేరు నాకు తెలుసు. ఇక్కడ రాయను. అది ఇప్పుడొక కంపెనీ సీసాల మీద ఉంది. నేను రాస్తే ఆమెను తలుచుకున్నట్టు ఉండదు, ఆ సీసాకు ప్రకటన ఇచ్చినట్టుంటుంది.

ఆమెను మొదటిసారి చూసిన రోజు నా గొంతు బొంగురుపోయి ఉంది. మా స్టూడియో ఒక పాత బంగళా సెల్లార్లో ఉంటుంది. కిటికీలు లేవు. వానాకాలం చెమ్మ వాసన. అది పోవాలని మా వాళ్లు బజారు ఫినాయిల్ బకెట్ల కొద్దీ కుమ్మరించేవారు. ఆ ఘాటుకు గంట తిరిగేసరికి నాకు దగ్గు. ఆ రోజు కూడా బయట వరండాలో కూర్చుని మిరియాల పాలు తాగుతుంటే, చీర మీద మగవాళ్ల ఫుల్‌చేతుల చొక్కా తొడుక్కున్న ఒకావిడ రెండు డబ్బాలు మోసుకుంటూ లోపలికొచ్చింది. చెప్పులు గేటు దగ్గరే విడిచింది. డబ్బాలు దించి, ఎవరినీ పలకరించకుండా కుడికాలి బొటనవేలితో వరండా నేలను రుద్ది చూసింది.

"నిన్న సాయంత్రం తుడిచిండ్రు. రెండోసారి నీళ్లు మార్వలే" అంది.

నిజమే. పక్కన నిలబడ్డ మా ఆఫీసు అమ్మాయి మొహం ఎర్రబడింది.

తర్వాత నా వైపు చూసి, "గొంతు పనోల్లు గదా మీరు. గీ మందు గాటు కడుపుల దాంక పోతది. ఎట్ల చేస్తున్నరు పని?" అని అడిగింది. అప్పటికి ఆరేళ్లుగా ఆ సెల్లార్లో పని చేస్తున్నాను. నా గొంతు ఏమవుతోందని నన్నడిగిన మొదటి మనిషి ఆమే.

ఒక గ్లాసు నీళ్లు తెప్పించి, తన డబ్బాలోంచి ఒక చుక్క వేసింది. నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. "గిట్ల పాలు కావాలె. అయితెనే మందు. కాకుంటె రంగునీళ్లు" అంది. ఒక బకెట్టు నీళ్లలో ఒకే ఒక్క మూత పోసి తనే సెల్లార్ మొత్తం తుడిచింది. దేవదారు చెక్క వాసన సన్నగా వచ్చింది. ఆ రోజు దగ్గకుండా నాలుగు గంటలు పని చేశాను.

ఆ రోజు నుంచి పదిహేను రోజులకోసారి వచ్చేది. బోరబండలో కొండ మీద రేకుల గదిలో ఉండేది. అక్కడే సబ్బు ద్రావణం కాచి, పైన్ నూనె కలిపి, కర్రతో తిప్పి తయారుచేసేది. భర్త లేడు, పిల్లలు లేరు. ఒక చెల్లెలు జహీరాబాద్ దగ్గర అత్తగారింట్లో ఉండేది. ఇంతకుమించి ఆమె తన గురించి ఎప్పుడూ చెప్పలేదు. నేను మావాళ్ల గురించి, మా బాపట్ల గురించి, వెంగళరావు నగర్‌లో మా చర్చి గురించి ఎంత చెప్పినా వినేది గానీ, "మరి మీ సంగతేంటక్కా?" అంటే, "నాదేముంది చెల్లె, నేలే నా సంగతి" అనేది.

సినిమా వాళ్లిళ్లలో పదేళ్లు తిరిగిన మనిషి సినిమాలు చూడలేదు. ఎవరి గురించైనా ఆమె తీర్పు బాత్రూమును బట్టే. ఒక పెద్ద నటుడి గురించి పేపర్లో ఏదో చెడ్డగా వస్తే కొట్టిపారేసింది. "ఆయన బాత్రూమ్ ఎప్పుడు చూసినా మంచిగుంటది. తుడిచేటామె కోసం ఎత్తుపీట గూడ పెట్టించిండు. గట్లాంటోడు చెడ్డోడెట్లయితడు?" అంది. ఇంకొకరి గురించి, ఆయన దానధర్మాల గురించి ఊరంతా చెప్పుకుంటుంటే, "ఏమో. సింకు కింద జర చూడుర్రి" అని ఊరుకుంది.

ఎవరైనా ఇంకొంచెం వాసన రావాలని రెండు మూతలు పొయ్యబోతే చెయ్యి పట్టుకుని ఆపేది. "ఒక్క మూత సాలు. రెండో మూత నేలకు గాదు, పక్కింటోల్లకు తెల్వనీకి." అమ్ముకునే మనిషి తక్కువ వాడమని చెప్పడం నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆమెను పైకి తెచ్చింది ఒక ప్రొడక్షన్ మేనేజరు. ఒక పాత బంగళాను షూటింగుకి కడిగించాల్సివచ్చి ఆమె డబ్బాలు వాడాడు. మాట నేర్పరి, చెడ్డవాడని అప్పుడు ఎవరికీ అనిపించలేదు. ఇప్పటికీ పూర్తిగా అనలేను. "అక్కా, ఇంత మంచి సరుకు నెత్తిన పెట్టుకుని మోస్తావేంటి? నేను చూసుకుంటాను, నువ్వు కలుపు చాలు" అన్నాడట. ఆమె నన్నడిగింది. నేను సరేననమన్నాను. అందరం సరేననమన్నాం.

బోరబండ చివర ఒక షెడ్డు తీసుకున్నారు. ఆమె గల్లీలోని ఆడవాళ్లు పదిమంది పనికి చేరారు. మేనేజరు ఆమె పేరే సీసాకి పెట్టాడు. ముందు కిరాణా కొట్లలో, తర్వాత జూబ్లీహిల్స్ సూపర్ మార్కెట్లలో, ఆ తర్వాత బస్సుల వెనక, ఆటోల వెనక. నేను మధురానగర్‌లో మా అక్కావాళ్లింటికి వెళ్తే వాళ్ల స్నానాలగదిలోనూ అదే సీసా. గర్వంగా ఉండేది. "ఈవిడ నాకు తెలుసు" అని చెప్పుకునేదాన్ని.

జూబ్లీహిల్స్‌లో కంపెనీ ఆఫీసు తెరిచిన రోజు నన్ను వెంట తీసుకెళ్లింది. గాజు తలుపులు, తెల్లటి నేల. కొత్త చీర కట్టుకుంది గానీ చొక్కా వేసుకోలేదు కాబట్టి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడింది. అందరూ చప్పట్లు కొడుతుంటే నా పక్కకు జరిగి, బొటనవేలితో నేల రుద్ది, నా చెవిలో అంది:

"చెల్లె, గిది మన మందుతోని తుడువలే."

కనుక్కుంటే నిజమే. శుభ్రం చేసే పని ఇంకో ఏజెన్సీకి ఇచ్చారు. వాళ్లు తెచ్చుకునేది వాళ్లు వాడతారు. ఆమె మేనేజర్ని అడిగితే నవ్వాడు. "అక్కా, మనది అమ్ముకునే సరుకు" అన్నాడు.

ఆ తర్వాత ఏడాదిలో టాయిలెట్ క్లీనర్ తెచ్చారు. యాసిడ్ సరుకు. అది ఆమెది కాదు. ఎవరో కెమిస్టుది. పైన్ నూనె కూడా తగ్గించి సెంటు కలపడం మొదలుపెట్టారు. ఆమె వద్దంది. "పాలైతనే ఉంది గదక్కా, ఇంకేంటి?" అన్నారు. పాలవడానికి ఇంకేదో కలిపారు.

షెడ్డు ఘాటుకి చుట్టుపక్కల ఇళ్లవాళ్లు గొడవ చేశారు. గొడవ ఆగడానికి మేనేజరు షట్టర్లు దింపించాడు. లోపల ఆడవాళ్లు కొంగులు ముక్కుకు కట్టుకుని పని చేసేవారు. ఒకరోజు ఒకామె దగ్గి దగ్గి కళ్లు తేలేసి పడిపోయింది. అక్క వెళ్లి షట్టరు తనే ఎత్తి, దాని కిందే స్టూలు వేసుకుని కూర్చుందట, మళ్లీ దింపకుండా. మూడు రోజులు అలాగే కూర్చుంది. నాలుగో రోజు మేనేజరు కారు పంపాడు.

"అక్కా, నువ్వు కంపెనీకి ఫౌండర్‌వి. షెడ్డులో స్టూలు మీద కూర్చుంటే బాగుంటుందా? ఆఫీసులో నీకు గదుంది" అన్నాడు.

ఆమె ఆఫీసుకు వెళ్లింది. షట్టరు దిగింది.

ఆ గదిలో ఆమెకు పని లేదు. నేనొకసారి వెళ్తే కుర్చీ అంచున కూర్చుని ఉంది. బల్ల మీద ఒక పూలకుండీ, అందులో ప్లాస్టిక్ పూలు. వాటి ఆకులు ఒక్కొక్కటే చీర కొంగుతో తుడుస్తోంది.

"ఇంటికి పోవచ్చు కదక్కా?" అన్నాను.

"పోతె షెడ్డుకు పోత. షెడ్డుకు పోతె రానియ్యరు. గల్లీల ఆడోల్లు అడుగుతరు, షట్టరెందుకు దించనిచ్చినవని. యాడికి పోవాలె చెల్లె?" అంది.

ప్రకటన తీసింది ఆ సమయంలోనే. సినిమాల్లో తల్లి వేషాలు వేసే ఒకావిడకు ఫుల్‌చేతుల చొక్కా తొడిగి అక్కలా నిలబెట్టారు. గొంతు మాత్రం నిజమైన ఫౌండర్‌ది కావాలనుకున్నారు. అందుకని మా సెల్లార్‌కే తీసుకొచ్చారు. నేను పక్క గదిలో వేరే పనిలో ఉన్నాను. అక్కడి మాటలు స్పీకర్లో నాకూ వినపడుతున్నాయి.

మైకు ముందు ఆమె నిలబడి చదవాల్సినది ఇది: నేల తళతళలాడాలంటే బకెట్టుకు మూడు మూతలు. ఆమె చదవలేదు. "మూడెందుకు? ఒక్కటి సాలు" అంది. డైరెక్టరు కుర్రాడు మర్యాదస్తుడే. "అమ్మా, రాసింది చదవండి" అని ఎన్నోసార్లు బతిమాలాడు. ప్రతిసారీ మూడు దగ్గరికి వచ్చి ఆగిపోయేది. చివరకు, "నోరు తిరుగుతలేదు సార్" అంది. నోరు తిరగక కాదని నాకు తెలుసు.

అతను నా గది తలుపు కొట్టాడు. "మేడమ్, మీరు చెప్పేయండి. తెలంగాణ ఫ్లేవర్ ఉండాలి, కానీ ఆవిడంత వద్దు. అందరికీ అర్థం కావాలి."

నేను బాపట్ల దాన్ని. నాకా యాస రాదు. వచ్చినట్టు నటించగలను, అంతే. బయటికొచ్చి ఆమె వైపు చూశాను. నొచ్చుకుంటుందని, లేచి వెళ్లిపోతుందని అనుకున్నాను. ఆమె నా పక్కకొచ్చి కూర్చుంది.

"నువ్వు చెప్పు చెల్లె. నీ పని గద. ఎవరో ఒకరు చెప్తరు, నువ్వే చెప్పు" అంది.

నేను చెప్పాను. అక్షరం తప్పు పలికినప్పుడల్లా ఆమె సరిచేసింది. "చాలు గాదు, సాలు. గట్టిగ గాదు, జర మెత్తగ. మా అమ్మ అన్నట్టు అను." మూడు మూతలన్న మాట దగ్గర మాత్రం తల వంచుకుని నేలవైపు చూసింది. నేను ఆ మాటను తడబడకుండా ఒకే టేకులో చెప్పాను. డైరెక్టరు కుర్రాడు బొటనవేలు పైకెత్తి చూపించాడు.

ఆ ప్రకటన ఇప్పటికీ వస్తుంది. క్రికెట్ మ్యాచ్‌ల మధ్యలో వస్తుంది. టీవీలో నా గొంతు వినపడితే మా ఇంట్లో పిల్లలు సంబరపడేవాళ్లు. ఇప్పుడు నేనే ఛానల్ మారుస్తాను.

ముక్కు పోయిన సంగతి ఆమెకు పొయ్యి దగ్గర తెలిసింది. చెల్లెలు చూడ్డానికొచ్చి, బయట బట్టలు ఆరేస్తూ "అక్కా, అన్నం మాడుతున్నది" అని కేకేసింది. అక్క పొయ్యి పక్కనే కూర్చుని ఉంది. గిన్నె అడుగు నల్లగా అయ్యేదాకా ఆమెకు తెలియలేదు. ఏళ్ల తరబడి డ్రమ్ముల మీదకు వంగి వంగి కలిపిన ముక్కు. షట్టరు దించిన షెడ్డు దానికి తోడైంది. డాక్టరు చూసి, ఇక రాదన్నాడు. ఊపిరి కూడా బాగోలేదన్నాడు. కంపెనీకి చెబితే పూలగుత్తి పంపి, ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోమన్నారు. ఆ కుర్చీ కూడా పోయింది.

అంతకుముందెప్పుడో పెట్టిన సంతకాలతో పేరు, సీసా, మందు అన్నీ కంపెనీవయ్యాయని అప్పుడే తెలిసింది. ఒక లాయరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. కాగితాలు చూసి ఆయన తల అడ్డంగా ఆడించాడు. ఆటోలో వెనక్కొస్తుంటే ఆమె ఏడవలేదు. "సదువుకోకపోతె ముక్కే సదువనుకున్న చెల్లె. గది గూడ పాయె" అని మాత్రం అంది.

ఆఖరుసారి చూసింది నిరుడు, వానలు వెనకపట్టాక. పళ్లు తీసుకుని బోరబండ వెళ్లాను. మెట్లెక్కి పైకెళ్లేసరికి గది బయట ఒక ప్లాస్టిక్ డ్రమ్ము, కర్ర, పాత డబ్బాలు నాలుగు. ఆమె మళ్లీ చొక్కా తొడుక్కుంది. రెండుసార్లు తిప్పి, ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ తిప్పుతోంది. మొహంలో చాలా కాలంగా చూడని వెలుగు.

"పాతోల్లు మర్చిపోతరా? గేటు కాడికి పోతె సాలు, గుర్తుపడతరు" అంది.

గ్లాసులో నీళ్లు పోసి ఒక చుక్క వేసి చూపించింది. పాలలా తెల్లబడ్డాయి. గ్లాసు నా ముక్కు దగ్గర పెట్టింది.

"వాసన ఎట్లుంది చెల్లె? నాకైతె ఎర్కలేదు. నీ ముక్కే దిక్కు."

కిరోసిన్ వాసన. నూనె అమ్మినవాడెవడో కల్తీ సరుకు అంటగట్టాడు. ఆమె ముక్కు బాగుంటే ఆ నూనెను గుమ్మం కూడా తొక్కనిచ్చేది కాదు. ఆమె కళ్లు నా మొహం మీదే ఉన్నాయి. నిండా డ్రమ్ము, ఇంతసేపు కర్ర తిప్పిన ఆ ఊపిరి, ఇవన్నీ చూసి ఇప్పుడెలా చెప్పడం అనుకున్నాను. రేపు ఫోన్ చేసి చెబుదాం, కొంచెం కొంచెంగా చెబుదాం అనుకున్నాను.

"బాగుందక్కా. అచ్చం పాతదానిలాగే ఉంది" అన్నాను.

నా గొంతు నేను ఏం చెప్పమంటే అది చెబుతుంది. ఆమె నమ్మింది.

మర్నాడు నేను ఫోన్ చెయ్యలేదు. ఒక సినిమా విడుదల దగ్గర పడి రెండు వారాలు ఊపిరాడలేదు. ఆ తర్వాత చెయ్యడానికి మొహం చెల్లలేదు. నెలలు గడిచాయి. నిజం ఇదే, ఇంతకన్నా గొప్ప కారణం లేదు.

చెల్లెలు ఫోన్ చేసిన మర్నాడు పొద్దున్నే బోరబండ వెళ్లాను. గది కడిగి ఉంది. చెల్లెలు గుమ్మంలో కూర్చుని ఉంది. అక్కకి సుస్తీ చేశాక ఊరి నుంచి వచ్చి ఆఖరిదాకా ఉన్నది ఆమే. నన్నెప్పుడూ చూడకపోయినా నోరు తెరవగానే పోల్చుకుంది.

"టీవీల గొంతు నీదే గద" అంది.

కూర్చున్నాక చెప్పింది. ఆ డ్రమ్ములో మందంతా డబ్బాల్లో నింపుకుని, ఆటో మాట్లాడుకుని అక్క ఫిలింనగర్ వెళ్లిందట. మొదటి ఇంట్లో మూత తీసి చూసి వద్దన్నారు. రెండో ఇంట్లో పనామె కొత్తది, గేటే తియ్యలేదు. మూడో ఇంటి దగ్గర సెక్యూరిటీ అతను ఆమె పేరడిగాడు. చెప్పింది. ఆ పేరుతో ఉన్న సీసా అతని గదిలోనే ఉంది. దాన్ని తెచ్చి చూపించి, డూప్లికేట్ అమ్ముతున్నావా అని గద్దించాడు. జనం పోగయ్యారు. అతను డబ్బా తెరిచి, "వాసన చూడండి, కిరోసిన్" అని అందరికీ చూపించాడు. ఆమె అక్కడే రోడ్డు మీద నిలబడి, అది మంచి సరుకేనని వాళ్లతో వాదించింది. ఊపిరి అందక కూలబడితే ఆటో అతనే ఇంటికి చేర్చాడు. ఆ రోజు మంచం పట్టిన మనిషి మళ్లీ లేవలేదు.

"నేను ఊర్నుంచి వచ్చినంక డబ్బాల మూత తీసి చూసిన మేడమ్. గాసునూనె కంపు. అక్కా, గా సెక్యూరిటీ అన్నది నిజమేనే అన్న. ఇనలే. గా గొంతు పనామెకు మంచిగ తెలుసు, గామె చూసి బాగుందన్నది, మీకెవ్వరికి ఎర్కలేదు అన్నది. ఆఖరిదాంక గదే మాట. నాతోని కొట్లాడింది గూడ. వారం రోజులు మాట్లాడలే నాతోని. నాకు ఒకటే గుంజాటన మేడమ్. నా ముక్కే ఖరాబున్నదా? నువ్వు చూసినప్పుడు నిజంగనే మంచిగుండెనా?"

బాగానే ఉండిందని చెప్పొచ్చు. చెప్పగలను కూడా, ఆమె నమ్మేలా.

"లేదమ్మా. అప్పుడూ అదే వాసన. ఆమెను చూసి చెప్పలేకపోయాను" అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. అర్థం కాని లెక్క చూసినట్టు నా వైపు చూసింది.

"గా రోజే చెప్తె అయిపోతుండె గద మేడమ్" అంది. "ఇంకో నూనె తెచ్చుకుంటుండె."

తర్వాత లేచి లోపలికెళ్లి నాకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.